సర్వీసు అయిన డీజిల్ కారులో ఆయిల్ గేజ్ ఎప్పుడు చూడాలి, ఎలా చదవాలి

సర్వీసు బిల్లులో ‘ఇంజన్ ఆయిల్ 5 లీటర్లు’ అని రాసి ఉంటే అది మీరు డబ్బు కట్టిన ఆయిల్ లెక్క. చాంబర్‌లో, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో ఎంత ఉందో చెప్పేది గేజ్ (గొట్టంలో ఉండే కొలత పుల్ల, డిప్‌స్టిక్) ఒక్కటే. తాళాలు చేతికొచ్చాక బానెట్ ఎత్తి గేజ్ చూసుకోవడానికి పట్టేది పావుగంట. అంతసేపు ఆగలేక, నెల్లూరు ఆటోనగర్‌లో తాళం తీసుకుని నేరుగా కావలికో ఒంగోలుకో హైవే ఎక్కేసేవాళ్లు చాలామంది. ఆయిల్ తక్కువైతే ఇంజన్ పట్టేస్తుందన్న భయం అందరికీ ఉంది, అది మంచిదే. ‘కాస్త ఎక్కువైతే ఏమవుతుందిలే, ఇంకా మంచిదే’ అన్న నమ్మకం కూడా అంతే గట్టిగా పాతుకుపోయింది. అది మాత్రం తప్పు. డీజిల్ ఇంజన్‌కి ఎక్కువైన ఆయిల్ ఎంత చేటు చేస్తుందో కింద వివరంగా రాశాం.

పోసిన వెంటనే చూస్తే లెక్క తప్పుతుంది

కొత్త ఫిల్టర్ ఖాళీగా ఉంటుంది. ఆయిల్ పోసి, ఇంజన్ స్టార్ట్ చేయకముందే గేజ్ తీస్తే సరిగ్గా మ్యాక్స్ (నిండు) గీత దగ్గర చూపించొచ్చు. స్టార్ట్ చేయగానే పంపు ముందు ఫిల్టర్‌ను నింపుతుంది, తర్వాత దారులన్నిట్లోకి ఆయిల్ తోస్తుంది. అక్కడే బండిని బట్టి పావు లీటరు నుంచి అర లీటరు దాకా పోతుంది. అందుకే స్టార్ట్ చేయకముందు చూసిన లెవెల్‌ను లెవెల్ అనలేం.

దీనికి తిరగబడిన తప్పు ఇంకొకటుంది. పాత ఆయిల్‌ను బండి చల్లగా ఉన్నప్పుడు, తొందరగా వదిలేస్తే లోపల కొంత మిగిలిపోతుంది. ఆ మిగిలినదానిమీద మాన్యువల్‌లో రాసినంతా పోస్తే మ్యాక్స్ దాటిపోతుంది. ఆయిల్ వేడిగా ఉన్నప్పుడు, చాంబర్ అడుగునున్న డ్రెయిన్ నట్టు తీసి పదిహేను నిమిషాలైనా కారనిస్తేనే మాన్యువల్ లెక్క సరిపోతుంది. ఇంకొకటి, మాన్యువల్‌లో ‘ఫిల్టర్‌తో కలిపి’, ‘ఫిల్టర్ లేకుండా’ అని రెండు అంకెలుంటాయి. ఏది చూస్తున్నారో గమనించండి. స్విఫ్ట్, డిజైర్‌లలో వచ్చిన 1.3 లీటర్ల డీజిల్ ఇంజన్‌కి 3 లీటర్లు అటూ ఇటూ పడుతుంది. పాత ఇన్నోవా 2.5 ఇంజన్‌కి దాదాపు 7 లీటర్లు పడుతుంది. ‘డీజిల్ బండి కదా, ఐదు లీటర్ల డబ్బా పోసేయ్’ అనే లెక్క ఒకదానికి ముంచేంత ఎక్కువ, ఇంకోదానికి మరీ తక్కువ.

మంచి పనివాడు చెప్పిన లెక్కలో ఓ అర లీటరు వెనక్కి ఉంచుకుని మిగతాది పోస్తాడు. ఇంజన్ తిప్పి, ఆపి, గేజ్ చూసి ఆ అర లీటరులో ఎంత కావాలో అంతే కలుపుతాడు. మీ ముందు పని జరుగుతుంటే ఇలాగే చేయమని అడగండి.

బండిని ఎక్కడ నిలబెట్టాలి

షెడ్డు ముందు ర్యాంపుమీద, ముందు చక్రాలు రోడ్డుమీద, వెనక చక్రాలు గడప దిగువన ఉన్న బండిలో గేజ్ చూడొద్దు. చాంబర్ వెడల్పుగా, లోతు తక్కువగా ఉంటుంది కాబట్టి బండి కాస్త వాలినా ఆయిల్ ఒక పక్కకి చేరుతుంది. గేజ్ ఆ పక్కనుంటే ఎక్కువ చూపిస్తుంది, ఎదుటి పక్కనుంటే తక్కువ చూపిస్తుంది. ఒక చక్రం కింద జాకీ ఉన్నా ఇదే తంతు. నేల సమంగా ఉందో లేదో తెలియాలంటే గుండ్రటి నీళ్ల సీసా పడుకోబెట్టి చూడండి. ఒకసారి బండి పొడవునా దొర్లేలా, ఇంకోసారి అడ్డంగా దొర్లేలా పెట్టండి. రెండుసార్లూ కదలకుండా ఉంటే ఆ చోటు పనికొస్తుంది. పెట్రోలు బంకుల్లో ఓ పక్కనున్న సిమెంటు నేల చాలాచోట్ల సరిపోతుంది.

తర్వాత వరస ఇది. హ్యాండ్ బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి స్టార్ట్ చేయండి. డాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ దీపం కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఫిల్టర్ నిండేదాకా మామూలుకంటే కాస్త ఆలస్యమవుతుంది, పదిసెకన్లు దాటినా వెలుగుతూనే ఉంటే ఇంజన్ ఆపేయండి. ఈలోపు యాక్సిలరేటర్ తొక్కొద్దు. టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే భాగం) షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే వస్తువు. దాని బేరింగ్‌కి ఆయిల్ చేరకముందే రేస్ చేస్తే పొడిగా తిరుగుతుంది, అరుగుదల అక్కడే మొదలవుతుంది. సర్వీసు అయ్యాక ‘ఓసారి సౌండు చూద్దాం’ అని బర్రుమనిపించే అలవాటు చాలా షెడ్లలో ఉంది. అది మీ బండికి చేయనివ్వకండి.

రెండు మూడు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి ఆపండి. పది నిమిషాలు ఆగండి. ఇంజన్ పైభాగమైన హెడ్‌లో, టర్బోలో ఉన్న ఆయిల్ చాంబర్‌కి దిగిరావాలి. మాన్యువల్‌లో కొన్ని కంపెనీలు వేడి ఇంజన్‌లో చూడమంటాయి, కొన్ని చల్లటి ఇంజన్‌లో చూడమంటాయి. మీ బండి మాన్యువల్ ఏది చెబితే అదే లెక్క. తేడా చిన్నదేమీ కాదు: 5 లీటర్ల ఆయిల్ 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 200 మి.లీ. ఉబ్బుతుంది. చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా మ్యాక్స్ దగ్గరున్నది వేడిలో ఓ గోరుమందం పైన కనిపిస్తే కంగారుపడక్కర్లేదు.

గేజ్ చదవడం

మొదటిసారి తీసిన గేజ్‌లో కనిపించేది లెవెల్ కాదు. బండి నడిచినప్పుడు ఆయిల్ ఎగజిమ్మి గేజ్ మీదా, దాని గొట్టం లోపలా పూసుకుపోయి ఉంటుంది. బయటికి లాగి, నూలు పోగులు రాలని పాత బనియన్ గుడ్డతో చివరిదాకా తుడవండి. కాటన్ వేస్ట్ వాడొద్దు, పీచు గేజ్‌కి అంటుకుని లోపలికి పోతుంది. తుడిచిన గేజ్‌ను మళ్లీ పెట్టేటప్పుడు పిడి గొట్టం మూతికి ఆనేదాకా, రబ్బరు కూర్చున్నట్టు చేతికి తెలిసేదాకా నొక్కండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ దీన్లోనే చాలామంది మోసపోతారు. గేజ్ ఓ అర అంగుళం పైనే ఆగిపోతే పుల్ల ఆయిల్‌లో తక్కువ మునుగుతుంది, తక్కువ చూపిస్తుంది. ‘అరే, తగ్గిందే’ అని ఇంకో అర లీటరు పోసేస్తారు.

రెండు సెకన్లు ఉంచి నిదానంగా తీయండి. పైకెత్తి పట్టుకుంటే ఆయిల్ పిడివైపు జారుతుంది, తలకిందులు చేయకుండా అడ్డంగా పట్టుకోండి. కొత్త ఆయిల్ పల్చటి తేనెరంగులో ఉంటుంది. ఇనుప పుల్లమీద అది ఎక్కడిదాకా ఉందో ఎండలో అసలు కనబడదు. గేజ్‌ను కాస్త ఏటవాలుగా, వెలుతురు పక్కనుంచి పడేలా తిప్పితే తడిసిన చోటు మెరుస్తుంది, తడవని చోటు మసకగా ఉంటుంది. ఆ రెండూ కలిసే గీతే లెవెల్. అలా కూడా తెలియకపోతే తెల్ల టిష్యూ కాగితంమీద గేజ్ చివరను పడుకోబెట్టి తీయండి. తడి ఎంతమేర దిగిందో కాగితం చూపిస్తుంది.

రెండు వైపులా చూడండి. గొట్టం వంపు తిరిగి ఉంటుంది కాబట్టి లాగేటప్పుడు పుల్ల ఒకవైపు దాన్ని రాసుకుంటూ వస్తుంది. అందుకే ఒకవైపు పైదాకా చారలు చారలుగా ఆయిల్ కనిపిస్తుంది. అటు, ఇటు తేడా వస్తే కిందున్న లెక్కే తీసుకోండి. చారలు లెక్కలోకి రావు. పుల్ల వెడల్పంతా నిండుగా తడిసిన చోటే లెక్క. అనుమానముంటే తుడిచి మూడోసారి చూడండి, రెండుసార్లు ఒకేచోట వస్తే అది నిజం.

గుర్తులు బండికో రకంగా ఉంటాయి. కొన్నిటికి రెండు చిల్లులు, కొన్నిటికి రెండు గాట్లు, కొన్నిటికి గళ్లుగళ్లుగా చెక్కిన మేర ఉంటుంది. మరికొన్నిటికి ఎఫ్, ఎల్ అక్షరాలు. పైది నిండు (మ్యాక్స్), కిందిది కనీసం (మిన్). సర్వీసు అయిన బండిలో లెవెల్ ఈ రెంటి మధ్య పై సగంలో ఉండాలి. మ్యాక్స్‌కి ఓ రెండు మూడు మిల్లీమీటర్లు కింద ఉంటే మాకు మరీ ఇష్టం. అసలు గేజ్ పుల్లే లేని ఖరీదైన కార్లలో స్క్రీన్‌లో చూపించేదే దిక్కు. వాటిలో ఇంజన్ నిండా వేడెక్కాకే చూపించేవి ఎక్కువ.

తక్కువుంటే ఎంత పోయాలి

చాలా కార్లలో మిన్ నుంచి మ్యాక్స్‌కి మధ్య తేడా 1 లీటరు ఉంటుంది. మీ బండికి ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. లీటరైతే లెక్క సులువు: సగంలో ఉంటే అర లీటరు తక్కువ, పావు మేర తక్కువుంటే పావు లీటరు. అలాగని అంతా ఒకేసారి కుమ్మరించకండి. లీటరు డబ్బాల్లో చాలావాటికి పక్కన సన్నటి పారదర్శక పట్టీ, దానిమీద గీతలు ఉంటాయి. దాన్ని చూస్తూ 200 మి.లీ. చొప్పున గరాటుతో పోసి, ఐదు నిమిషాలాగి, మళ్లీ చూడండి. గరాటు తడిగుడ్డతో కాకుండా పొడిగుడ్డతో తుడిచింది కావాలి. పాలకో కల్లాపి నీళ్లకో వాడినది పనికిరాదు.

కలిపే ఆయిల్ సర్వీసులో పోసిన గ్రేడే కావాలి. అందుకే డబ్బాలో మిగిలింది అడిగి తెచ్చుకోండి, అది మీరు కొన్నదే. బీఎస్-6 (పొగ కాలుష్యం తగ్గించే ప్రమాణం) డీజిల్ కార్లు దేశమంతటా 2020 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరయ్యాయి. వాటి సైలెన్సర్ దారిలో పొగమసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. వాటికి బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్, అంటే డబ్బామీద ఏసీఈఏ సీ2, సీ3 లాంటి గుర్తులున్నదే పోయాలి. పాత బొలెరోలకు పోసే 15డబ్ల్యూ-40 ఇంట్లో ఉందని వీటిలో కలిపితే డీపీఎఫ్‌లో బూడిద పేరుకుంటుంది. ఆ బూడిద కాలిపోదు, ఆ భాగం మార్చే ఖర్చు మామూలుది కాదు.

ఎక్కువుంటే

మ్యాక్స్ దాటి కొంచెం ఉంటే, ముందు పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మళ్లీ చూడండి. అప్పుడూ ఐదు మిల్లీమీటర్ల పైన ఉంటే తీయించాల్సిందే.

ఎందుకంటే చాంబర్‌లో ఆయిల్ పైకి వస్తే తిరుగుతున్న క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) దాన్ని కొడుతుంది. కవ్వంతో మజ్జిగ చిలికినట్టే, గాలి కలిసి నురగ లేస్తుంది. పంపు ఆ నురగనే లాగుతుంది. నురగకి ఒత్తిడి నిలవదు, బేరింగ్ మధ్య పొర నిలవదు. అంటే ఆయిల్ నిండా ఉండి కూడా ఆయిల్ తక్కువైన బండిలాగే అరుగుతుంది. ఇంకోపక్క ఆయిల్ ఆవిరి, చాంబర్ ఆవిరి బయటికి పోయే బ్రీదర్ గొట్టంలోంచి ఇంజన్ గాలి పీల్చే ఇంటేక్‌లోకి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌లోకి చేరి మడుగు కడుతుంది. డీజిల్ ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్ అక్కర్లేదు, మండేది ఏదొచ్చినా నొక్కుడు వేడికే మండిస్తుంది. ఆ ఆయిల్‌నే తాగి ఇంజన్ తనంతట తాను రేస్ అయిపోవచ్చు. అప్పుడు తాళం తీసినా ఆగదు. వెనక నీలం, తెలుపు కలిసిన దట్టమైన పొగ, పెరుగుతూ పోయే గోల. అరుదుగా జరిగేదే గానీ జరిగితే ఇంజన్ ముక్కలవుతుంది. మాన్యువల్ గేరు బండయితే ఉన్న పెద్ద గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, క్లచ్ ఒక్కసారిగా వదిలి ఇంజన్‌ను చంపాలి. ఇంటేక్ గొట్టానికి చెయ్యి అడ్డం పెట్టొద్దు.

ఎక్కువైన ఆయిల్ తీయడానికి రెండు దారులు. గేజ్ గొట్టంలోంచి సన్నటి పైపు చాంబర్ అడుక్కి దించి, పెద్ద సిరంజితోనో చేతిపంపుతోనో లాగడం ఒకటి. ఇంట్లోనే చేసుకోవచ్చు, కొలుచుకుంటూ తీయొచ్చు. రెండోది కింద డ్రెయిన్ నట్టు వదులు చేసి కొంత కారనివ్వడం. దానికంటే మొదటిదే మేలు. నట్టు పూర్తిగా ఊడి ఆయిలంతా మోచేతిమీదుగా కారిపోయే పని ఉండదు, వాషర్ పాడవదు.

మొదటి రాత్రి, మొదటి వంద కిలోమీటర్లు

ఇంటికెళ్లాక ఇంజన్ కింద అట్టపెట్టె విప్పి పరచండి. పొద్దున్నే మరక ఉంటే, అది ఎక్కడ పడిందో చూస్తే కారణం తెలుస్తుంది. చాంబర్ అడుగున మధ్యలో ఉంటే డ్రెయిన్ నట్టు. దాని కింద రాగి లేదా అల్యూమినియం వాషర్ ఒకసారి నలిగితే మళ్లీ సరిగా కూర్చోదు. పది, ఇరవై రూపాయల వాషర్ మార్చకుండా నట్టునే ఇంకా బిగిస్తే అల్యూమినియం చాంబర్ మర పోతుంది, అప్పుడు చాంబరే మార్చాల్సి రావచ్చు. ఫిల్టర్ కింద మరకుంటే దాని రబ్బరు. పాత ఫిల్టర్ రబ్బరు ఒక్కోసారి ఇంజన్‌కే అంటుకుని ఉండిపోతుంది. చూడకుండా దానిమీదే కొత్తది బిగిస్తే రెండు రబ్బర్లవుతాయి. ఇది కారడం కాదు, హైవేలో ఒత్తిడి పెరిగినప్పుడు రబ్బరు పక్కకి తోసుకొచ్చి ఆయిలంతా నిమిషాల్లో రోడ్డుపాలవుతుంది. తాళం తీసుకునేటప్పుడే అడగండి: ‘అన్నా, వాషర్ కొత్తదే వేశావు గదా? పాత ఫిల్టర్ రబ్బరు దాంతోపాటు ఊడొచ్చిందా, చూశావా?’ పని సరిగా చేసినవాడు ఈ ప్రశ్నకి కోపం తెచ్చుకోడు, పాత ఫిల్టర్ తెచ్చి చూపిస్తాడు.

ఇంజన్ కింద ప్లాస్టిక్ కవరున్న బండ్లలో మొదటి రాత్రి అట్టమీద ఏమీ పడకపోవచ్చు. కారిన ఆయిల్ ఆ కవర్లోనే నిలిచి రెండుమూడు రోజుల తర్వాత వెనక అంచునుంచి చుక్కలు పడుతుంది. అందుకే అట్టను నమ్ముకుని వదిలేయకుండా వంద కిలోమీటర్లు తిరిగాక గేజ్ మళ్లీ చూడాలి. నెల్లూరు నుంచి కావలి వెళ్లొస్తే ఆ లెక్క సరిపోతుంది. తగ్గకపోతే ఇక వెయ్యి కిలోమీటర్లకోసారి చాలు. దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ ఎక్కబోయే ముందు మాత్రం తప్పకుండా చూసి బయల్దేరండి. ఎక్కుడు, మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకి ఒరిగినప్పుడు, లెవెల్ మిన్ దగ్గరుంటే పంపు మూతి గాలి పీలుస్తుంది.

ఎర్ర దీపం ఆయిల్ లెవెల్ చెప్పదు, ఒత్తిడి చెబుతుంది. అది వెలిగేసరికి ఆయిల్ తగ్గడం ఎప్పుడో అయిపోయి, ఇంజన్ పొడిగా తిరగడం మొదలై ఉంటుంది. వెలిగితే పక్కకి తీసి అక్కడే ఆపండి. ‘ఇంకో రెండు కిలోమీటర్లలో షెడ్డుంది’ అని నడిపితే క్రాంక్ మిగలదు.

నల్లబడటం, వాసన, తెలుపు

వారం తిరక్కుండా ఆయిల్ నల్లగా అయితే ‘మార్చకుండానే బిల్లు వేశారు’ అని షెడ్డుమీద గొడవకు పోవద్దు. డీజిల్ మసి, లోపల మిగిలిన పాత ఆయిల్ కలిసి కొత్త ఆయిల్‌ను మొదటి రోజే నల్లబరుస్తాయి. ఆ మసిని గడ్డకట్టనివ్వకుండా తనలో తేల్చి ఉంచడమే ఆయిల్ చేయాల్సిన పని. నలుపు రంగు ఏమీ చెప్పదు. రెండు వేళ్ల మధ్య రాసి చూడండి, ఇసుకలా గరుకుగా తగిలితే అది ఆలోచించాల్సిన సంగతి. చీమకుర్తి క్వారీల వైపు తిరిగే బండ్లలో ఎయిర్ ఫిల్టర్ సరిగా కూర్చోకపోతే రాతిదుమ్ము ఇలాగే ఆయిల్‌లోకి చేరుతుంది.

అంతకంటే పట్టించుకోవాల్సింది, ఎవరూ పోయకుండానే పెరిగే లెవెల్. డీపీఎఫ్ నిండినప్పుడు బండి అదనంగా డీజిల్ చిమ్మి దాన్ని 600 డిగ్రీల దాకా వేడెక్కించి మసిని కాలుస్తుంది. మాగుంట లేఅవుట్ నుంచి ట్రంకు రోడ్డుకీ, అక్కణ్నుంచి ఇంటికీ మాత్రమే తిరిగే బండిలో ఈ పని మధ్యలోనే ఆగిపోతూ ఉంటుంది. ఆ డీజిల్ కొంత సిలిండర్ గోడలమీదుగా చాంబర్‌లోకి దిగుతుంది. ఇంజెక్టర్ కారుతున్నా ఇదే జరుగుతుంది. గేజ్ చివర ముక్కుకి దగ్గరగా పెడితే డీజిల్ వాసన గుప్పున కొడుతుంది, ఆయిల్ నీళ్లలా జారుతుంది. లెవెల్ మ్యాక్స్ దాటితే పైపైన తీసేసి సరిపెట్టడం కాదు, ఆ పల్చబడ్డ ఆయిల్ మొత్తం మార్చాలి. వారానికోసారి హైవేమీద అరగంటపాటు ఒకే వేగంతో నడిపితే డీపీఎఫ్ పని పూర్తవుతుంది. డీపీఎఫ్ దీపం వెలిగి ఉన్నప్పుడు ఇల్లు రాగానే ఆపేయకుండా ఇంకాస్త దూరం తిప్పి రండి.

ఆయిల్ పోసే మూత లోపల మాత్రమే పాలమీగడలా తెల్లగా ఉంటే, ముసురు పట్టే అక్టోబరు, నవంబరు నెలల్లో పొట్టి ప్రయాణాలు చేసే బండిలో అది చెమ్మ. దూరం నడిపితే పోతుంది. గేజ్ మీద కూడా తెల్లగా, టీలో పాలు కలిసినట్టు ఉంటే మాత్రం స్టార్ట్ చేయొద్దు. కూలెంట్ కలిసి ఉండాలి, హెడ్ గాస్కెట్టో ఆయిల్ కూలరో పోయి ఉండొచ్చు. లేదా రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నిలిచిన నీళ్లలో బండి దిగి ఉండాలి. ట్రక్కు మీదే షెడ్డుకు తీసుకెళ్లండి.

తీసిన పాత ఆయిల్‌ను కాలవలోనో రొయ్యల గుంట గట్టుమీదో పారబోయనివ్వకండి. వాడిన ఆయిల్ 2016 నాటి హానికర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది, శుద్ధిచేసే అనుమతి ఉన్నవాళ్లకే చేరాలి. సిరంజితో ఇంట్లో తీసిన అర లీటరైనా మూతున్న డబ్బాలో పోసి, తర్వాతి సర్వీసుకు వెళ్లినప్పుడు షెడ్డు పీపాలో కలపండి. ఆ రోజు మీటరు రీడింగు, పోసిన గ్రేడు, ఎన్ని లీటర్లు పోశారో ఓ తెల్ల ప్లాస్టర్ ముక్కమీద రాసి బానెట్ లోపలివైపు, వేడి తగలని చోట అంటించండి.